ప్రవచనం ఒకటే అయినప్పుడు అర్థాలు ఎందుకు వేరవుతున్నాయి?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. మా పుట్టింటివారు బ్రెదరన్ సహవాసానికి చెందినవారు. పెళ్లయ్యాక గుంటూరు లూథరన్ కుటుంబంలోకి వచ్చాను. పదకొండేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటూ ఇక్కడి తెలుగు ఆరాధనకు వెళ్తున్నాం. పోయిన నెల మా స్త్రీల సమాజపు కూడికకు వచ్చిన ప్రసంగీకుడు ఒక గుడ్డ పటం వేలాడదీసి, యెహెజ్కేలు 38వ అధ్యాయంలో ఇశ్రాయేలు మీదికి దండెత్తి వచ్చే గోగు అంటే రష్యాయేననీ, సంఘం ఎత్తబడే రోజు, అంటే క్రీస్తు తన విశ్వాసులను ఆకాశానికి తీసుకుపోయే రోజు, ఎంతో దూరంలో లేదనీ, ఆ తరువాత ఏడేళ్ల శ్రమలు, ఆ పైన వెయ్యేండ్ల పాలన వస్తాయనీ చెప్పారు. చిన్నప్పుడు నేను విన్నదీ అదే. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా మామయ్యగారు, "వెయ్యేండ్ల పాలన అంటే ఇప్పుడు క్రీస్తు తండ్రి కుడిపార్శ్వాన ఉండి ఏలుతున్న కాలమేనమ్మా" అన్నారు. ప్లస్ టూ చదువుతున్న మా అబ్బాయి పక్కనే ఉండి, "ఇద్దరూ బైబిలే చూపిస్తున్నారు కదా, మరి ఎవరిది తప్పు?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. వాడికి ఏమని చెప్పమంటారు?
— ఒక సోదరి, పెరంబూరు, చెన్నై

జవాబు: సోదరీ, మీ పుట్టింటి సహవాసానికీ మెట్టినింటి సంఘానికీ తెలుగు నేలమీద ఆరేళ్లే తేడా. బ్రెదరన్ మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో ఇంగ్లండు నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లో ఈ దేశానికి వచ్చి, తరువాత నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హెయ్యర్ దొరగారు గుంటూరు చేరి లూథరన్ పని మొదలుపెట్టారు. అందరూ చదివింది ఒకే గ్రంథాన్ని. కానీ ప్రవచన భాగాల దగ్గరికి వచ్చేసరికి వారి వెనుక నిలిచిన బోధకులు వేరు, ఆ బోధకులు పట్టుకున్న వ్యాఖ్యాన సూత్రాలు వేరు. మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే వెతకాలి.

బ్రెదరన్ సహవాసాల తొలితరం బోధకులలో ఒకరైన జాన్ నెల్సన్ డార్బీ (1800–1882) నేర్పిన పద్ధతి ప్రకారం, ప్రవచనంలో ఇశ్రాయేలు అని ఉంటే ఇశ్రాయేలు జనాంగమే, యెరూషలేము అని ఉంటే ఆ పట్టణమే, వెయ్యి సంవత్సరాలు అని ఉంటే లెక్కకు వెయ్యి సంవత్సరాలే. అబ్రాహాముకూ దావీదుకూ ఇచ్చిన మాట అక్షరాలా ఆ జనాంగానికే నెరవేరాలి గనుక, సంఘం అనేది వేరొక ప్రణాళిక. సంఘం ఎత్తబడిన తరువాతే ఇశ్రాయేలు గడియారం మళ్లీ నడుస్తుంది. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు ఈ బోధను పుటల అడుగున వివరణలుగా చేర్చి లోకమంతా తిప్పింది. మీరు చూసిన గుడ్డ పటానికి మూలం ఆ పుటల అడుగున ఉంది.

మీ మామయ్యగారి మాట వెనుక లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు ఉంది. మృతుల పునరుత్థానానికి ముందే భక్తులు ఈ లోకరాజ్యాన్ని చేజిక్కించుకొని ఏలుతారనే బోధను దాని 17వ అంశం తోసిపుచ్చింది. లూథరన్లు ఆ దారిలోనే నడిచారు. అయితే ఆ దారి వేసినది లూథరు కాదు. అయిదవ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీను, ఒకప్పుడు తానూ వెయ్యేండ్ల భూపాలనను నమ్మినవాడినేనని ఒప్పుకుంటూనే, ఆ తలంపును విడిచి, ప్రకటన 20వ అధ్యాయంలోని వెయ్యేండ్లు క్రీస్తు మొదటి రాకడకూ రెండవ రాకడకూ నడుమ సాగే సంఘ కాలమని వివరించాడు. బలవంతుని ముందుగా బంధిస్తేనే గాని అతని ఇల్లు దోచుకోలేమని యేసు మత్తయి 12వ అధ్యాయంలో చెప్పిన మాటే, ఆ వెయ్యేండ్లూ సాతాను బంధింపబడి ఉంటాడన్నది ఇప్పుడే నెరవేరిందనడానికి అగస్టీను చూపిన ఆధారం.

మీ అబ్బాయి ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఇది నిన్న మొన్నటి తగవు కాదు. రెండవ శతాబ్దంలోనే జస్టిన్ అనే హతసాక్షి, తాను యెరూషలేములో వెయ్యేండ్ల పాలనను నమ్ముతున్నానని రాస్తూ, శుద్ధమైన భక్తిగల క్రైస్తవులలో అలా నమ్మనివారు కూడా అనేకులు ఉన్నారని అదే చోట రాశాడు. విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చిన మనిషి, తనతో విభేదించినవారిని అవిశ్వాసులనలేదు. మన కూడికల్లో ఈ మర్యాద కరువైందని నేను చాలాసార్లు బాధపడ్డాను.

ఇక ఎవరి పద్ధతి సరైనదో తూచడానికి మనకు ఒక తూనిక ఉంది. అపొస్తలులు పాత నిబంధన ప్రవక్తలను ఎలా చదివారో చూడడమే ఆ తూనిక. ఒక్క భాగాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యెరూషలేము సంఘం ఒక గడ్డు ప్రశ్నతో కూర్చుంది: అన్యజనులలోనుంచి వచ్చిన విశ్వాసులు సున్నతి పొందాలా, అక్కరలేదా? పేతురు, బర్నబా, పౌలు మాట్లాడాక యాకోబు లేచి ఆమోసు 9వ అధ్యాయాన్ని ఎత్తాడు. పడిపోయిన దావీదు గుడారాన్ని దేవుడు తిరిగి కడతాడనీ, అప్పుడు దేవుని నామం ధరించిన అన్యజనులందరూ ప్రభువును వెదకుతారనీ ఆ ప్రవచనం. ఇప్పుడు ఆమోసు 9:12 తీసి చూడండి. అక్కడ ఎదోము శేషము అని ఉంటుంది, యాకోబు ఎత్తిన మాటల్లో మనుష్యులలో కడమవారు అని ఉంటుంది. హెబ్రీ హల్లుల్లో ఎదోము అనే పేరూ, మనిషి అని అర్థమిచ్చే ఆదాము అనే మాటా దాదాపు ఒకటే. గ్రీకు అనువాదకులు దాన్ని మనుష్యులు అని చదివారు, యాకోబు మాటలు ఆ చదువుకే దగ్గరగా ఉన్నాయి. ఇశ్రాయేలు పక్కనున్న ఒక శత్రుజనాంగం గురించిన మాట, ఆ సభలో లోకంలోని జనులందరినీ చేర్చుకునే మాటగా వినిపించింది.

ఈ వచనాల్ని స్కోఫీల్డ్ తేలిగ్గా దాటెయ్యలేదు. దేవుని పనిని వేర్వేరు యుగాలుగా విడదీసి చదివే తమ పద్ధతికి కొత్త నిబంధనలో ఇంతకంటే ముఖ్యమైన భాగం లేదని రాశారు. "ఆ తరువాత నేను తిరిగి వచ్చెదను" అని యాకోబు మాటల్లో ఉంది గనుక, ముందు అన్యజనులలోనుంచి సంఘం ఏర్పడుతుంది, ఆ తరువాత క్రీస్తు తిరిగి వచ్చి దావీదు సింహాసనాన్ని నిలబెడతాడు అని ఆయన క్రమం పేర్చారు. మీ మామయ్యగారి వైపువారు దానికి ఇలా బదులిస్తారు: సభ తేల్చుకోవలసిన ప్రశ్న ఆ రోజు అన్యజనులకు తలుపు ఎంతవరకు తెరవాలన్నది. గుడారం కట్టడం ఇంకా వేల ఏళ్ల దూరంలో ఉన్న పని అయితే, ఆ వచనం ఆ ప్రశ్నకు ఎలా జవాబవుతుంది? క్రీస్తు మృతులలోనుండి లేచినప్పుడే గుడారం లేచింది గనుక, అన్యజనులు ఇప్పుడే రావచ్చు.

ఈ భాగం వరకు రెండవ వాదనే బలమైనదని నా నమ్మకం. యాకోబు ఆ వచనాన్ని ఆనాటి నిర్ణయానికి ఆధారంగా నిలబెట్టాడు, రాబోయే కాలాల పట్టికగా కాదు.

అలాగని డార్బీ పద్ధతికి బలం లేదనుకోకూడదు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా 61వ అధ్యాయం చదివినప్పుడు ఎక్కడ ఆపాడో లూకా 4వ అధ్యాయంలో చూడండి. ప్రభువు హితవత్సరం అన్న మాట దాకా చదివి గ్రంథం చుట్టి ఇచ్చేశాడు. అదే వాక్యంలో వెంటనే ఉన్న ప్రతిదండన దినం అన్న మాట చదవలేదు. ఒకే వాక్యంలోని రెండు సగాలకు నడుమ మనకు కనబడని ఎడం ఉండవచ్చునని ఇక్కడ ప్రభువే చూపించాడని వారంటారు. దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బది వారాల్లో అరవై తొమ్మిదింటికీ చివరిదానికీ మధ్య సంఘ కాలాన్ని ఉంచడానికి వారికి ఊతం ఇక్కడ దొరుకుతుంది. అలాగే ప్రకటన 20:4లోనూ 5లోనూ "బ్రదుకుట" అనే మాట ఒకటే అయినప్పుడు, మొదటిదాన్ని ఆత్మీయమైన బ్రతుకు అనీ రెండవదాన్ని శరీరంతో లేవడం అనీ ఎలా విడదీస్తారని వారు అడిగే ప్రశ్న న్యాయమైనది. అగస్టీను దారిలో నడిచేవారు యోహాను 5వ అధ్యాయాన్ని చూపిస్తారు. అక్కడ యేసు, ఆత్మలో మృతులైనవారు ఇప్పుడు జీవించడాన్నీ, సమాధులలో ఉన్నవారు తరువాత లేవడాన్నీ ఒకే ఊపులో చెప్పాడు. ఆ జవాబు నాకు చాలావరకు తృప్తినిచ్చింది గానీ, పూర్తిగా ఇచ్చిందని చెప్పలేను. రోమా 11వ అధ్యాయం మరొక కారణం. దేవుడు తన పిలుపు విషయంలో పశ్చాత్తాపపడడని పౌలు తన స్వజనులను మనసులో పెట్టుకొనే రాశాడు. ఇశ్రాయేలు వాగ్దానాలన్నీ సంఘానికి బదిలీ అయిపోయాయి, ఆ జనంతో దేవునికి ఇక పని లేదు అనే మాటను ఆ అధ్యాయం నా చేత అననివ్వదు.

గోగు సంగతి మాత్రం వేరు. అక్కడ ప్రసంగీకుడు చెప్పింది డార్బీ పద్ధతికి కూడా న్యాయం చేయదు. మన తెలుగు బైబిలులో గోగు "రోషునకును మెషెకునకును తుబాలునకును" అధిపతి. రోషు అంటే రష్యా, మెషెకు అంటే మాస్కో, తుబాలు అంటే టొబోల్‌స్క్ అనే బోధ పూర్తిగా శబ్దం మీద నిలబడింది. రోషు అనే హెబ్రీ మాటకు తల, ముఖ్యుడు అని అర్థం. దాన్ని పేరుగా తీసుకోవాలా, ముఖ్య అధిపతి అని చదవాలా అన్నదే అనువాదకుల మధ్య తేలలేదు. మెషెకు, తుబాలు మాత్రం ఊహించుకోవలసిన పేర్లు కావు. అష్షూరు రాజుల శాసనాల్లో కనిపించే జనాలే వారు, నేటి తుర్కియే ప్రాంతంలో ఉండేవారు. యెహెజ్కేలే 27వ అధ్యాయంలో వారు తూరు పట్టణంతో వ్యాపారం చేశారని రాశాడు. ప్రవక్త తనకు తెలిసిన జనాల పేర్లే చెప్పాడు.

ఇంకొక మాట. 39వ అధ్యాయంలో ఆ సైన్యపు విల్లులను, బాణాలను, కేడెములను ఇశ్రాయేలీయులు ఏడు సంవత్సరాలు వంటచెరకుగా కాల్చుకుంటారు. గోగును రష్యా అన్న బోధకులే ఇక్కడికి వచ్చేసరికి విల్లులంటే క్షిపణులని చెబుతారు. జనాంగాన్ని అక్షరార్థంగానూ ఆయుధాన్ని ఉపమానంగానూ తీసుకోవడం తప్పని నేననను. ఏది అక్షరార్థమో ఏది ఉపమానమో ఏ సూత్రంతో విడదీశారో వినేవారికి చెప్పాలి. అది చెప్పకుండా "మేము వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకుంటాం, మిగతావారు మార్చుతారు" అనడం సరికాదు.

గోగు అన్న చోట తమ కాలపు శత్రువు పేరు రాయడం రష్యాతో మొదలుకాలేదు. నాలుగవ శతాబ్దంలో గోతు జాతి రోము సామ్రాజ్యం మీద విరుచుకుపడుతున్నప్పుడు మిలాను బిషప్ అంబ్రోసు గోగు అంటే గోతులేనని రాశాడు. తరువాతి తరంలో అగస్టీను ఆ పోలికను తోసిపుచ్చాడు. సంస్కరణ కాలంలో ఆ పేరు తురుష్కుల మీదికి వెళ్లింది. అంబ్రోసు భక్తుడే, పండితుడే. భయం దగ్గరగా ఉన్నప్పుడు ప్రవచనంలో ఆ భయం ముఖమే కనబడుతుంది.

ఈ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి నా ఇంటి కారణం ఒకటుంది. 1988లో మేము వాషర్‌మెన్‌పేటలో ఉండేవాళ్లం. మత్తయి 24వ అధ్యాయంలో యేసు చెప్పిన అంజూరపు చెట్టు చిగిరించడమంటే 1948లో ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడడమేననీ, ఒక తరం అంటే నలభై ఏళ్లనీ, కాబట్టి ఆ ఏడు దాటదనీ మా వీధి కూడికల్లో ఒక ప్రసంగీకుడు బోధించారు. మా పెదనాన్నగారు ఆ లెక్కను నోటు పుస్తకంలో వేసుకొని, రోజూ రాత్రి ప్రార్థన తరువాత మాకు చదివి వినిపించేవారు. మా అన్నయ్య కాలేజీకి నింపిన అప్లికేషన్ ఫారాన్ని పోస్టు చేయలేదు. ట్రంకుపెట్టెలో, బైబిలు కింద, ఫోటో అంటించి సంతకం పెట్టినది పెట్టినట్టే ఉండిపోయింది. ఆ ఏడు గడిచింది. లూకా సువార్తలో అదే మాట "అంజూరపు వృక్షమును సమస్త వృక్షములను చూడుడి" అని ఉందనీ, ఒక్క చెట్టు మీద ఒక జనాంగపు చరిత్రనంతా వేలాడదీయడం కుదరదనీ మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆ ప్రసంగీకుడు మళ్లీ మా వీధికి వచ్చి పొరపాటైందని ఒక్క మాట అనలేదు. పెదనాన్నగారు ఆరాధనకు రావడం మానలేదు గానీ, బ్రతికినన్నాళ్లూ ప్రకటన గ్రంథం మాత్రం తెరవలేదు. అన్నయ్య చదువు కంటే ఆ తెరవని గ్రంథమే నన్ను ఎక్కువ బాధించింది.

ఇలాంటి లెక్క అంతకుముందూ తప్పింది. దానియేలు 8:14లోని రెండువేల మూడువందల దినాలను సంవత్సరాలుగా తీసుకొని, క్రీస్తు పూర్వం 457 నుంచి లెక్కకట్టి, అమెరికా ప్రసంగీకుడు విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. వారు మోసగాళ్లు కారు, రాకడను ప్రేమించినవారు. ఆ దినమూ ఆ గడియా కుమారుడు కూడా ఎరుగడని మార్కు 13:32లో ఉన్న మాట ముందు మాత్రం వారి లెక్క నిలవలేదు.

మీ అబ్బాయికి, తాతయ్యగారిది తప్పా, ప్రసంగీకుడిది తప్పా అని ఒక్క మాటలో తేల్చి చెప్పకండి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమోసు 9వ అధ్యాయాన్నీ అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టి, తాతయ్యగారి దగ్గర కూర్చోబెట్టి, బిగ్గరగా చదివించండి. ఆమోసు నోట ఈ మాటలు మొదట విన్న ఇశ్రాయేలీయులు దీన్ని ఏమని అర్థం చేసుకొని ఉంటారని అడగనివ్వండి. ఆ తరువాత యాకోబు దాన్ని ఎందుకు ఎత్తాడని అడగనివ్వండి. ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికాక, ఇంకా రావలసింది ఏముందన్న మూడో ప్రశ్నకు మీ ఇంట్లో రెండు జవాబులు మిగిలినా నష్టం లేదు. ప్రసంగీకుడు ఈసారి వచ్చినప్పుడు, విల్లులను క్షిపణులు చేసిన సూత్రమేమిటని మర్యాదగా అడగమనండి.

ప్రశ్న: మా ప్రార్థన గుంపులో కొందరు ఆధార్ నంబరు మృగపు ముద్ర అనీ, ఫోన్‌తో డబ్బు చెల్లించడం దానికి తొలి మెట్టనీ అంటున్నారు. మా అమ్మగారికి డెబ్బై రెండేళ్లు. పింఛను కాగితాలకు ఆధార్ జతచేయమంటే భయపడి రెండు నెలలుగా వాయిదా వేస్తున్నారు. ఏం చెప్పాలి?
— ఒక సోదరుడు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: ప్రకటన 13వ అధ్యాయంలో మృగపు ముద్ర లేనివారు కొనలేరు, అమ్మలేరు అని ఉన్న మాట నిజమే గానీ, అక్కడ ముద్ర అనేది ఆరాధనతో ముడిపడి ఉంది. మృగానికి నమస్కరించినవారే దాన్ని వేయించుకుంటారు. పింఛను ఆఫీసులో మీ అమ్మగారిని ఎవరికీ నమస్కరించమని అడగడం లేదు.

ఆ అధ్యాయం మృగానికి చెప్పిన 666 అనే సంఖ్య విషయం కొంచెం చెప్పాలి. హెబ్రీ అక్షరాలకు అంకెల విలువ ఉంది. నీరో కైసరు పేరును గ్రీకు పలుకుబడిలో, అంటే నెరోన్ కైసర్ అని, హెబ్రీలో రాస్తే 50, 200, 6, 50, 100, 60, 200 కలిసి 666 అవుతాయి. లాటిను పలుకుబడిలో చివరి నకారం పోతే 50 తగ్గి 616 అవుతుంది. కొన్ని పాత ప్రతుల్లో సరిగ్గా 616 అనే ఉంది. అందుకే ఈ గ్రంథం మొదట రోము చక్రవర్తుల హింస కింద ఉన్న ఆసియా (నేటి తుర్కియే పడమటి భాగం) సంఘాలతో మాట్లాడిందనేవారు దీన్ని గట్టి ఆధారంగా చూపుతారు. దీన్ని చరిత్ర పొడవునా జరుగుతున్నదిగా చదివేవారు, పూర్తిగా రాబోయేదిగా చదివేవారు, ఏ కాలానికైనా వర్తించే సాదృశ్యంగా చదివేవారు కూడా ఉన్నారు. అయితే రెండవ శతాబ్దపు చివరలో బిషప్ ఇరేనియస్, 616 ఉన్న ప్రతులను ఎరిగి 666నే సమర్థిస్తూ, ఆ సంఖ్యకు సరిపడే పేర్లు చాలా దొరుకుతాయి గనుక ఏదో ఒక పేరును తేల్చి ప్రకటించే సాహసం చేయవద్దని హెచ్చరించాడు. ఆ పేరు ఇప్పుడే తెలియవలసినదైతే దర్శనం చూసినవాడే చెప్పి ఉండేవాడని అతని మాట. ఇరేనియస్ రాబోయే క్రీస్తు విరోధిని గట్టిగా నమ్మినవాడు, అయినా పేరు పెట్టలేదు.

అమ్మగారి దగ్గర కూర్చుని 13వ అధ్యాయం చదివి ఆపకండి. అధ్యాయాల విభజన రాసినవారు చేసినది కాదు, మధ్యయుగంలో చేర్చినది. ఆ గీత దాటి 14:1 చదవండి. గొఱ్ఱెపిల్లతో ఉన్నవారి నొసళ్ల మీద ఆయన నామమూ ఆయన తండ్రి నామమూ రాసి ఉన్నాయి. ఆ నామం చర్మం మీద పచ్చబొట్టులా ఉంటుందని మనం ఎవరమూ అనుకోము, వారు ఎవరి సొత్తో చెప్పే మాటగా తీసుకుంటాం. రెండు వచనాల ముందున్న ముద్రను కూడా అదే కొలతతో చదవాలి. తన నొసట ఎవరి పేరు ఉందో ఆమెకు తెలుసు. ఈ వారంలోనే వెంట తీసుకువెళ్లి ఆ కాగితాలు ఇప్పించండి.